క్రీడాసౌధంలో మంచినీళ్లు

మణిగిరి రాజు వీరమల్ల భూపాలుడికి నిండుకొలువులో కోపం వచ్చింది. పొరుగు రాజ్యంలో జరిగిన పోటీల్లో మణిగిరి విద్యాశాల కుర్రాళ్లు కుస్తీలో ఓడారు, చెడుగుడులో ఓడారు. పరుగుపందెంలోనైతే సగం దూరానికే ఆయాసపడి కూర్చున్నారు.

"ఊళ్లో ఎవరి పిల్లలైనా వచ్చి ఆడుకోవాలని, అన్ని ఆటలకూ పనికొచ్చే క్రీడాసౌధం ఏడాది కిందట కట్టించాను. అయినా ఈ తలవంపులేమిటి?" అన్నాడు రాజు.

క్రీడాధికారి చిత్రాంగదయ్య శాలువా సర్దుకుని లేచాడు. అదే సౌధంలో అతనికి పదకొండు సన్మానాలు జరిగాయి. పదకొండూ అతను ఏర్పాటు చేసినవే.

"సౌధంలో లోపం లేదు ప్రభూ. రోజూ మూడు వందలమంది పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా ఆడుతున్నారు. లోపమల్లా ఉస్తాదు మద్దిలేటిది. మట్టిలో పొర్లడం తప్ప ఆ ముసలాయనకు ఇంకేమీ తెలియదు."

మద్దిలేటి ముప్పై ఏళ్లుగా గోదాలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పినవాడు. సౌధం కట్టడానికి ఆ గోదానే పూడ్చేశారు. అప్పటినుంచి అతను కుర్రాళ్లను వెంటబెట్టుకుని జాగా కోసం తిరుగుతున్నాడు. కొలువులో మాట్లాడటం అతనికి చేతకాదు. తల వంచుకుని నిలబడ్డాడు.

"అయితే రేపటితో ఉస్తాదుకు ఉద్వాసన" అన్నాడు రాజు.

సింహాసనం వెనక ఎవరో దగ్గారు. రాజుగారి మరచెంబు మోసే సుంకన్న.

"ఏంట్రా సుంకన్నా?"

"ఏం లేదు ప్రభూ. రోజూ తమకు నీళ్లు తేవడానికి ఏటికి పోతూ ఆ సౌధం ముందునుంచే నడుస్తాను. మూడు వందలమంది ఆడేచోట అంత నిశ్శబ్దం ఎలా కుదిరిందా అని చూస్తున్నా."

చిత్రాంగదయ్య మొహం చిట్లించాడు. "నీళ్లు మోసేవాడివి, నీకు క్రమశిక్షణ గురించి ఏం తెలుసు? మా కుర్రాళ్లు నోరు మెదపకుండా ఆడతారు."

"చెడుగుడు కూడానా అయ్యా?"

కొలువంతా గొల్లుమంది. కూత పెట్టకుండా చెడుగుడు ఆడినవాణ్ణి ఎవరూ చూడలేదు మరి.

రాజు మాత్రం నవ్వలేదు. "రేపు ఉదయం నేనే వచ్చి చూస్తాను. అక్కడ ఆట కనబడిందా, ఉస్తాదుతోపాటు నువ్వూ ఊరు విడిచిపోవాలి. అధికారి మాట అబద్ధమని తేలిందా, నా చేతి కడియం నీది."

చేయవలసిన పని ఏడాది పొడుగునా చేయనివాడు, తనిఖీ అనగానే ఒక్క పూటలో కొండలు పిండి చేస్తాడు. చిత్రాంగదయ్య కుమ్మరివాడకు, మేళగాళ్ల వీధికి, సంతకు మనుషుల్ని పంపాడు. మూడు వందలమందిని పోగుచేసి తలా ఒక లంగోటీ ఇచ్చాడు. నేల మీది తివాచీలు చుట్టి లోపల పడేయించాడు.

తెల్లవారి రాజు పల్లకీలో వచ్చేసరికి సౌధం దద్దరిల్లుతోంది. ఒక పక్క కూతలు, ఒక పక్క కుస్తీ. ఒక డోలు వాయించేవాడు మాత్రం గదను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా వాయిస్తున్నాడు. రాజు అటు చూడలేదు. పెద్దవాళ్లకు గుంపు కనబడితే చాలు, గుంపులో మనిషి కనబడడు.

"భేష్" అన్నాడు రాజు.

గుమ్మం దగ్గర మద్దిలేటి చేతిలో మూట, భుజాన మట్టికుండ పెట్టుకుని నిలబడ్డాడు. ఇక వెళ్లిపోవడమే తరువాయి.

ఎండ ఎక్కింది. రాజు అలవాటుగా వెనక్కి చెయ్యి చాపాడు. చేతిలోకి మరచెంబు రాలేదు.

"నీళ్లేవిరా?"

"తేలేదు ప్రభూ. మూడు వందలమంది రోజంతా ఆడేచోటికి నీళ్లు మోసుకెళ్లడం, ఏటికి నీళ్లు మోసినట్టే కదా అనుకున్నా."

"అదీ నిజమే. చిత్రాంగదయ్యా, మంచినీళ్లు తెప్పించు."

చిత్రాంగదయ్య చప్పట్లు కొట్టాడు. "ఒరేయ్, ప్రభువులకు నీళ్లు తెండి."

ఆటలు ఆగిపోయాయి. మూడు వందలమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత తలా ఒక దిక్కుకు పరుగెత్తారు. ఒకడు తూర్పు గది తలుపు తీశాడు. సన్మానాల తివాచీలు, ఎండిపోయిన పూలదండలు మీద పడ్డాయి. ఇంకొకడు పడమటి గది తీశాడు. గదినిండా చిత్రాంగదయ్యగారి ఎడ్లు మేసే చొప్ప.

"కుండ ఎక్కడయ్యా?" అని ఒక కుమ్మరి అధికారినే అడిగాడు.

చిత్రాంగదయ్య కూడా వెతకడం మొదలుపెట్టాడు. అతనికీ తెలియదు.

మద్దిలేటి మూట కింద పెట్టి, భుజాన ఉన్న కుండలోంచి నీళ్లు ముంచి రాజు చేతికిచ్చాడు. "పిల్లలతో ఎక్కడికి పోయినా ఇది వెంట తీసుకుపోతాను ప్రభూ. లేకపోతే ఆడలేరు."

రాజు తాగి, సుంకన్న వైపు తిరిగాడు. "ఇప్పుడు చెప్పరా, దీనికి అర్థమేంటి?"

సుంకన్న చేతులు కట్టుకున్నాడు.

"మూడు వందలమంది ఏడాదిగా ఆడుతున్నా ఇక్కడ ఒక్కడికీ దాహం వేయలేదు ప్రభూ. వాళ్లు మనుషులన్నా కాకపోవాలి, ఆడారన్న మాటన్నా అబద్ధం కావాలి."

ఆ మాటకు లంగోటీ కట్టుకున్న మేళగాళ్లే ముందు నవ్వారు. రాజు చిత్రాంగదయ్య నడుమునున్న తాళంచెవులు లాగి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"నాలుగు గోడల మధ్య మళ్లీ గోదా తవ్వించు ఉస్తాదూ. ఏటినుంచి పిల్లలకు నీళ్లు మోయడానికి మనిషి కావాలి. అదుగో, శాలువా కప్పుకుని ఖాళీగా ఉన్నాడు."

కడియం తీసి సుంకన్న చేతికి తొడుగుతూ రాజు గొంతు తగ్గించాడు. "అది సరేరా. ఆ ఉస్తాదు కుండ లేకపోతే ఇంత ఎండలో నా గొంతు ఎండిపోయేది కదా?"

"ఎందుకు ఎండుతుంది ప్రభూ? మరచెంబు నిండుగానే ఉంది. పల్లకీలో తమ దిండు వెనకాల పెట్టా."

రాజు కడియం తొడగడం ఆపి, కడుపు పట్టుకుని నవ్వాడు.