జవాబు రాని సర్వే

ఎస్తేరు రాణికి ఆ చిన్న చుక్క అర్థం కాలేదు.

ఆమె విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. కోవిడ్ మూడేళ్లలో మనిషి మనసు గురించి ఎవరెవరు ఏమేం పరిశోధించారో వెతికి, అదంతా ఒక పటంగా గీయడం ఆమె పని. పదకొండు వేల పరిశోధన పత్రాలు పోగుచేసింది. ఒక విషయం మీద ఎన్ని ఎక్కువ పత్రాలుంటే పటంలో దాని వలయం అంత పెద్దది. ఆందోళన వలయం ఎర్రగా పళ్లెమంత ఉంది. దాని చుట్టూ కుంగుబాటు, ఒంటరితనం, ఫోన్లలో పాఠాలు వినే పిల్లలు, అలసిపోయిన నర్సులు. ఏ నెలలో ఏది పెరిగింది, ఏది తగ్గింది అని చూస్తూ కూర్చుంటే ఆమెకు తిండి కూడా గుర్తొచ్చేది కాదు.

అంచున ఆవగింజంత చుక్క ఒకటి ఉంది. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్ల దుఃఖం అది.

అంతమంది పోయారు కదా, ఇదేమిటి ఇంత చిన్నగా? లెక్క తప్పిందేమోనని రెండుసార్లు మళ్లీ చేసింది. చుక్క పెరగలేదు. అందులో ఉన్న ముప్పై ఎనిమిది పత్రాలూ తెచ్చుకుని చదివింది. చాలావాటిలో ఒకటే మాట కనిపించింది: ప్రశ్నలు పంపాం, సరిపడా జవాబులు రాలేదు.

కారణం దొరికిందనుకుంది. వ్యాసం ముగించింది. సోమవారంలోగా సదస్సుకు పంపాలి. దానికి గురువు వేదాద్రి గారి సంతకం కావాలి.

శనివారం పొద్దున్నే ఆయన గదికి వెళ్లింది. వేదాద్రి గారు ముప్పై ఏళ్లుగా ఆ విభాగంలో పాఠాలు చెబుతున్నారు. పటం అంతా ఓపిగ్గా చూశారు. ఎర్ర వలయం మీద వేలుపెట్టి, ఇది ఎప్పుడు తగ్గడం మొదలైంది, ఎందుకు తగ్గింది అని అడిగారు. ఆమె ఉత్సాహంగా చెప్పింది. చివరి పేజీ దగ్గర ఆయన ఆగారు.

"ఈ ఆఖరి వాక్యం పైకి చదువమ్మా."

"తమవారిని కోల్పోయిన దుఃఖం, ఆ కాలంలో ప్రజలకు చెప్పుకోవాలనిపించినంత ముఖ్యమైన విషయం కాలేదు."

"ఎలా తెలిసింది?"

"పరిశోధకులు అడిగారు కదా సార్. లింకులు పంపారు. పదిహేను నిమిషాల పని. భయం గురించి అడిగితే వేలమంది రాశారు. దీని గురించి అడిగితే రాయలేదు. ఎందుకలా? మీకేమైనా తోస్తోందా?"

వేదాద్రి గారు కళ్లజోడు పెట్టుకుని కంప్యూటర్ తన వైపు లాక్కున్నారు. ఒక్క వేలితో కొట్టి తన ఈమెయిల్ తెరిచి, చాలాసేపు వెనక్కి వెనక్కి వెతికారు. తర్వాత తెరను ఆమె వైపు తిప్పారు.

నాలుగు ఈమెయిళ్లు ఉన్నాయి. నాలుగూ వేరే ఊరి పరిశోధకులు పంపినవే. మొదటిదాని తేదీ 2021 మే పంతొమ్మిది. 'ఆప్తుల మరణం, మీ అనుభవం: చిన్న సర్వే' అని ఉంది. తర్వాతివి దాన్ని గుర్తుచేస్తూ పంపినవి. ఆఖరిదాని మీద 'చివరి అవకాశం' అని ఉంది. నాలుగింటి అక్షరాలూ ఇంకా లావుగానే ఉన్నాయి. ఒక్కటీ తెరవలేదు.

"మీకూ వచ్చిందా సార్! మరి ఎందుకు చూడలేదు?" అంది ఎస్తేరు.

"మే మూడున మా ఆవిడ పోయింది."

ఎస్తేరు ఆ విభాగంలో చేరింది ఆ మరుసటి ఏడు. ఆయన భార్య లేరని వింది. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని ఎన్నడూ అడగలేదు.

ఆయన మౌస్ ఆమె చేతి దగ్గరికి జరిపారు.

"ఇప్పుడు తెరువు. ప్రశ్నలు నువ్వు చదువు, నేను చెబుతాను. పదిహేను నిమిషాలే కదా."

ఆయన ఎదురుచూస్తున్నారు. ఎస్తేరు మొదటి ఈమెయిల్ తెరిచింది. అడుగున ఉన్న లింకు నొక్కింది. తెల్లటి పేజీ వచ్చింది.

'ఈ సర్వే ముగిసింది. మీ ఆసక్తికి ధన్యవాదాలు.'

ఆయన తెర మీదికి వంగి చూశారు.

"ప్రశ్నలు లేవే," అన్నారు వేదాద్రి గారు.

ఎస్తేరు కంప్యూటర్ పక్కకు జరిపింది. పెన్నుకు మూత పెట్టింది. కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"మేడమ్ గారి పేరేమిటి సార్?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"సుభద్ర," అన్నారు. "ఆస్పత్రి నుంచి ఆఖరిసారి ఫోన్ చేసినప్పుడు, ఇడ్లీపిండి పులిసిపోతుంది, పక్కింటివాళ్లకు ఇచ్చేయండి అంది. నేను ఇవ్వలేదమ్మా. వచ్చాక తనే వేస్తుంది కదా అని అలాగే ఉంచాను."

ఎస్తేరు ఏమీ రాసుకోలేదు. "తర్వాత?" అంది.

ఆయన చెబుతూనే ఉన్నారు. భోజనాల వేళ దాటిపోయింది. ఎవరో తలుపు తోసి చూసి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు.

చాలాసేపటికి వేదాద్రి గారు కళ్లు తుడుచుకుని పెన్ను తీశారు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

ఎస్తేరు వ్యాసం తన సంచిలో పెట్టేసుకుంది.

"ఇంకా పూర్తవలేదు సార్," అంది.