కురచైన కాయిలు

రేపల్లె బస్టాండు వెనక కరెంటు పొయ్యిలు బాగుచేసే కోటిలింగానికి చేతినిండా పనీ, నోటినిండా ఆ పని గురించిన గొప్పలూ ఉండేవి. గోడకు మీటరు వేలాడుతుండేది గానీ, దాన్ని దించి కొలిచేవాడు కాదు. "పాతికేళ్ల చెయ్యి నాది. మీటరే నా దగ్గర నేర్చుకోవాలి" అనేవాడు.

మస్తానమ్మ ఆసుపత్రి గేటు పక్కన చెక్క బడ్డీలో బాలింతలకు పాలు, వేడినీళ్లు కాచి ఇచ్చేది. ఆ బడ్డీయే ఆమెకు ఆధారం. ఒకనాడు ఆమె పొయ్యిలో వేడెక్కే తీగచుట్ట, అదే కాయిలు, తెగింది. కోటిలింగం కాలిన చుట్లు కత్తిరించి, మిగిలిన తీగను సాగదీసి మళ్లీ గాడిలో అమర్చాడు.

"కాయిలు కురచైంది కదన్నా, వేడి తగ్గదూ?" అంది మస్తానమ్మ.

"తగ్గితే కరెంటూ తక్కువే కాలుతుంది. నీకే లాభం" అన్నాడు.

తీరా చూస్తే పాలు ఇదివరకటికన్నా త్వరగా పొంగాయి. తన మాట ఎందుకు తప్పిందా అని అతను ఆలోచించలేదు. "చూశావా నా పనితనం" అని మీసం దువ్వుకున్నాడు. కాయిలు ఇంకో రెండుసార్లు తెగింది. రెండుసార్లూ అతను కత్తిరించి అతికాడు. చివరికి సగం తీగ కూడా మిగల్లేదు.

ఒక ఉదయం బడ్డీలో ప్లగ్గు కరిగి చెక్క అంటుకుంది. మస్తానమ్మ వైరు పట్టి లాగేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. వాచ్‌మన్ ఇసుక చల్లి మంట ఆర్పాడు. కోటిలింగం పరుగున వచ్చాడు.

"పాత ప్లగ్గు అన్నా, మార్చుకోకపోవడం నాదే తప్పు. నువ్వు బాగానే చేశావు" అందామె.

ఆ మాట అతన్ని తిట్టుకన్నా ఎక్కువగా బాధించింది. పొయ్యి దుకాణానికి తీసుకుపోయి, తన లావుపాటి ప్లగ్గుకు తగిలించి, మీటరు దుమ్ము తుడిచాడు. వోల్టేజి రెండువందల ముప్పై. కరెంటు పది ఆంపియర్లు. సుద్దముక్కతో గోడ మీద లెక్క వేశాడు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం ఇరవైమూడు ఓములే. కొత్త కాయిలుకు యాభైకి పైనే ఉండాలి. వోల్టేజినీ కరెంటునూ గుణిస్తే రెండువేల మూడువందల వాట్లు. పొయ్యి మీద రాసి ఉన్నది వెయ్యి. తీగ కురచైన కొద్దీ అడ్డు తగ్గి కరెంటు పెరిగింది. ఆరు ఆంపియర్ల ప్లగ్గు పది మోయలేక కరిగింది.

లెక్కకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది అతని పని. పైగా కాలింది తన చెయ్యి కాదు.

ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. అయినా ఆమె దగ్గరికి వెళ్లి, "తప్పు ప్లగ్గుది కాదు చెల్లెమ్మా, నాది" అని ఉన్నదంతా చెప్పాడు.

మస్తానమ్మ కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది. "మీటరు ఉండి కూడా ఎందుకు కొలవలేదన్నా?"

"నామోషీ అనుకున్నాను" అన్నాడు తల వంచుకుని.

కొత్త కాయిలు, కొత్త ప్లగ్గు అతనే బిగించాడు. చెయ్యి మానేదాకా రోజూ పొద్దున్నే వచ్చి పాలు కాచి ఇచ్చాడు. మళ్లీ ఆమె పొయ్యి దగ్గర కూర్చున్న రోజున మీటరు తెచ్చి ఎదుటే కొలిచాడు.

"ఎంతొచ్చింది?" అంది.

"నాలుగున్నర ఆంపియర్లు. వెయ్యి వాట్లకు కాస్త పైన. ఇక భయం లేదు."

ఆమె పాలగిన్నె పెట్టింది.

నీతి: ఎంత చెయ్యి తిరిగినవాడైనా కొలిచి చూడటానికి నామోషీ పడకూడదు; మన గొప్పకు కాలేది మనల్ని నమ్మినవాళ్ల చెయ్యి.