కోటగుమ్మానికి వినాయకుడు

వెనకటికి ఒకానొక రాజ్యంలో మహీధరవర్మ అనే రాజుండేవాడు. వంకర కనిపిస్తే చాలు, ఆయనకు ఒళ్లు మండేది. రాజధానిలో తూర్పు ద్వారం నుంచి కోటగుమ్మం దాకా తిన్నగా రాజవీధి వేయాలని పట్టుబట్టి, ఊరి మీదుగా తాడు లాగించాడు. తాడు కింద పడిన ఇల్లల్లా కూలాల్సిందే. కాదన్నవాడి నాలుక కోయిస్తానని చాటింపు కూడా వేయించాడు.

ఆ తాడు నేతపేటలోని ఆస్థాన విదూషకుడు పేరన ఇంటి మీదుగానే పోయింది. అదీ సరిగ్గా పురిటిగది మీదుగా. లోపల ఆయన కూతురు పసిగుడ్డును పక్కలో వేసుకుని పడుకుని ఉంది. అప్పటికే ఆ పేట పెద్ద మల్లప, "మగ్గాలెక్కడ పెట్టుకోవాలి దొరా?" అన్నందుకు నాలుక కోతకు చెరసాలలో ఎదురుచూస్తున్నాడు. తెల్లారితే గునపాలు దిగుతాయి. పేరన గుమ్మంలో కూలబడ్డాడు.

"లోకాన్నంతా నవ్వించే నోరు, ఇవాళ పెగలదేం?" అని భార్య కళ్లొత్తుకుంది.

"పెగిలితే నాలుక ఉండదే!" అన్నాడు పేరన.

ఆ సాయంత్రం చంకలో చిన్న రాతి వినాయకుణ్ణి పెట్టుకుని కొలువుకొచ్చాడు. కాళ్లు గజగజలాడుతున్నాయి.

"ప్రభూ, ఈ స్వామిని కోటగుమ్మం గోడలో నిలపడానికి సెలవివ్వండి."

"ఎందుకురా?"

"చెప్పలేను ప్రభూ. నాకున్నది ఒక్కటే నాలుక."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"అభయమిచ్చాను. చెప్పు!"

"మా పేటల్లో సందు తిన్నగా వచ్చి ఎవరి గుమ్మానికి తగిలితే, ఆ ఇంటి యజమానికి వీధిపోటంటారు. ప్రాణగండమని గోడకు వినాయకుణ్ణి పెట్టుకుంటారు. బండి పట్టని సందుకే మేమింత హడలిపోతాం. ఏలినవారి వీధిలో ఏనుగులు బారులు తీరి నడుస్తాయి. అది సూటిగా వచ్చి ఆగేది తమరి గుమ్మంలోనే. ఈ స్వామి మరీ చిన్నవాడేమోనని నా బెంగ."

రాజు ముఖాన నెత్తురు చుక్క లేదు. ఆస్థాన జ్యోతిష్కుడి వైపు చూశాడు. పాపం ఆయనకు సంగతి ముందే తెలుసు. నాలుక మీద తీపితో ఇన్నాళ్లూ మింగేశాడు. ఇప్పుడు కూడా తల మాత్రమే ఊపాడు.

"మరి దారి?" అన్నాడు రాజు.

"నేతపేట రాకముందే బీడు మీదుగా చుట్టు తిప్పితే గుమ్మానికి పోటు తగలదు ప్రభూ."

అప్పటికప్పుడే తాడు విప్పేశారు. మల్లపను విడిచిపెట్టారు. భయం తీరాక రాజుకు అనుమానమొచ్చింది.

"నిజం చెప్పు పేరనా. నువ్వు వణికింది నా ప్రాణం కోసమా, పురిటిబిడ్డ ఉన్న నీ ఇంటి కోసమా?"

"రెంటికీ ప్రభూ. ఒక్క భయమే అయితే ఒక్క కాలే వణికేది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పసిగుడ్డు ఉయ్యాలకు కట్టమని తన మెడలో హారం తీసి పేరన చేతిలో పెట్టాడు.