ఎనిమిదో నగరంలో ఖాళీ విస్తళ్ళు

విశ్వపతిగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. రాగలక్షణం అడిగినవాణ్ణి తంబురా తుడవమంటారు. మోక్షం గురించి అడిగినావిడ చేత ఒకసారి బుట్టెడు చిక్కుడుకాయలకు ఈనెలు తీయించారు. అందుకని ఆయన దగ్గర సంగీతం నేర్చుకునే మేమంతా సందేహాలు కడుపులోనే దాచుకుని తిరుగుతుంటాం. హేమచంద్ర మాత్రం అడగకుండా ఉండలేడు. అతను జనాభా లెక్కల శాస్త్రం చదివి, ఆ ఉద్యోగమే చేస్తున్నవాడు. ఏ ఊరి పేరెత్తినా జనాభాలో దాని స్థానం ఎంతో, పదేళ్ళ కిందట ఎంతో చెప్పేదాకా అతనికి నిద్రపట్టదు.

మేముండేది అమెరికాలో, బఫెలో నగరంలో. విశ్వపతిగారు కుర్రతనంలో విజయనగరం నుంచి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో లోహాలు పరీక్షించే ఉద్యోగానికి వచ్చారు. కొన్నేళ్ళకు కర్మాగారం మూతపడింది. తోటివాళ్ళు తలా ఒక దిక్కుకు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం తంబురా పట్టుకుని ఇక్కడే ఉండిపోయి, నేర్చుకుంటామన్నవాళ్ళకు పాట చెబుతూ వచ్చారు. ఇప్పుడు ఆ నేర్చుకునేవాళ్ళం కూడా పలచబడ్డాం.

ఆ మాఘమాసంలో హ్యూస్టన్ నుంచి ఆయనకు పిలుపు వచ్చింది. అక్కడ పెద్ద హాలు కట్టారు, వందలమంది పిల్లలు చేరతామంటున్నారు, మీరు వచ్చి పాఠశాల నడపండి అని. ఆ మాట తీసుకోవడానికి అక్కడి పెద్దమనిషి ముప్పాళ్ళ ప్రభాకరంగారు స్వయంగా ఆదివారం మా వార్షికోత్సవానికి వస్తున్నారు. గురువుగారు వెళితే ఇక్కడ పాఠశాల ఉండదు. ఆ సంగతి తెలిసి మేమెవరమూ నోరెత్తలేదు. హేమచంద్ర ఎత్తాడు.

"గురువుగారూ, పోయిన శతాబ్దం మొదట్లో ఈ ఊరు దేశంలో ఎనిమిదోది. హ్యూస్టన్ అప్పుడు ఎనభై దాటి ఎక్కడో ఉండేది. ఇప్పుడు అది నాలుగోది, మనం డెబ్బై దాటి ఎక్కడో ఉన్నాం. జనం సగానికి సగం తగ్గిపోయారు. పడిపోతున్న ఊళ్ళో మీలాంటివారు ఉండటం న్యాయమేనా?"

"బ్రూక్లిన్ ఎన్నోది?" అన్నారు ఆయన.

"ఒకప్పుడు నాలుగోదండీ. న్యూయార్క్‌లో కలిపేశాక లెక్కలో దాని పేరే లేదు."

"మరి అందులో మనుషులేమయ్యారు?"

"ఏమవుతారండీ? ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు."

ఆయన నవ్వి, "ఆదివారం పంక్తిలో విస్తళ్ళు వేసే పని నీది," అన్నారు. జవాబు అడిగితే మళ్ళీ పనే వచ్చిందని హేమచంద్ర నా దగ్గర తల బాదుకున్నాడు.

మా ఉత్సవం పాత చర్చి కింద ఉన్న నేలమాళిగ హాలులో జరుగుతుంది. ఈ ఊరు ఎనిమిదో నగరంగా వెలిగిన రోజుల్లో పోలండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న చర్చి అది. అంత జనం ఎప్పటికీ ఉంటారనుకుని కట్టారు కాబోలు, మేమంతా కూర్చున్నా హాల్లో ఒక మూలకే సరిపోతాం. పాట అయ్యాక అక్కడే నేల మీద చాపలు పరిచి, అడ్డాకుల విస్తళ్ళు వేసి, పంక్తి భోజనం పెడతాం. చివరి విస్తరిదాకా వడ్డన పూర్తయి, గురువుగారు "గోవింద" అనేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు. కోటీశ్వరుడైనా సరే, ఆ నియమం మారదు.

ఆ రోజు పాట బాగా కుదిరింది. ప్రభాకరంగారు తల ఊపుతూ విన్నారు. మంచి మనిషి, నిండు మనిషి. హేమచంద్ర ఆయన్ని చేయి పట్టుకుని తీసుకెళ్ళి పంక్తిలో మొదటి చోట కూర్చోబెట్టాడు. వంకాయకూర, ముద్దపప్పు, పులిహోర, బూరెలు, అన్నం, అన్నీ ఆయనతోనే మొదలయ్యాయి. నెయ్యి గిన్నె నా చేతిలో ఉంది కనుక తర్వాత జరిగింది నేను దగ్గరుండి చూశాను.

మనుషులున్నంతమేరా వడ్డించుకుంటూ వెళ్ళి చూస్తే, అవతల ఇంకా బోలెడు విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయి. గురువుగారు వాటి దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఇవెవరివి, హేమచంద్రా?"

"వస్తారండీ..."

"ఎవరు?"

అతని మొహం కందగడ్డయింది. "హ్యూస్టన్ వారి ముందు హాలు బోసిగా కనిపిస్తుందని ఓ నాలుగు ఎక్కువ వేశానండీ. తీసేస్తాను," అని వంగాడు.

"ఆగు. వేసిన విస్తరి ఎత్తడం మా ఇంటా వంటా లేదు. వెళ్ళి మనుషుల్ని పిలుచుకురా."

"ఈ మంచులో ఎవర్ని పిలవనండీ?"

"నన్నడుగుతావేమయ్యా? వేసింది నువ్వు."

హేమచంద్ర కోటు తగిలించుకుని మెట్లెక్కి వెళ్ళాడు. అతణ్ణి చూస్తే నాకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది. పంక్తి అంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బూరెల వాసన హాలంతా అలముకుంది. ప్రభాకరంగారు తన విస్తరిని ప్రేమగా చూశారు, తర్వాత దిగులుగా చూశారు. నేలమాళిగ చలికి ఆయన అన్నం మీది నెయ్యి తెల్లగా పేరుకోవడం మొదలుపెట్టింది.

ముందుగా చర్చి తాళాలు చూసుకునే వాండాగారు వచ్చారు. ముసలావిడ, ఆవిడ బాప్టిజం ఈ చర్చిలోనే. మోకాళ్ళు వంగవని, తన పీట తనే తెచ్చుకున్నారు. ఆవిడ వెనక ఎదురింటి రఫీకుల్, అతని భార్య, తల్లి, పిల్లలు బూట్ల మంచు దులుపుకుంటూ దిగారు. బంగ్లాదేశ్‌వాళ్ళు. ఆఖరున, వీధిలో మంచు తోసే బండి నడిపే అతన్ని కూడా హేమచంద్ర బతిమాలి దింపుకొచ్చాడు. విస్తళ్ళు అన్నీ నిండాయి. వంటగదిలోంచి పొగలు కక్కే అన్నం కొత్తగా వచ్చింది, అది వాళ్ళకే దక్కింది.

గురువుగారు పంక్తి చివర కూర్చుని "గోవింద" అన్నారు. మేమందరం "గోవింద" అన్నాం. వాండాగారు శిలువ గుర్తు వేసుకున్నారు. రఫీకుల్ తన మాటేదో తను అనుకున్నాడు. తర్వాత అందరం వంచిన తల ఎత్తకుండా తిన్నాం, అంత ఆకలిగా ఉన్నాం. రఫీకుల్ తల్లి పప్పూ అన్నమూ వేళ్ళతో కలిపి ముద్ద చేసిన తీరు చూసి, మా వంటావిడ ఆనందం పట్టలేక ఆవిడకు మళ్ళీ మళ్ళీ వడ్డించింది.

హేమచంద్ర అలసిపోయి రఫీకుల్ పక్కన చతికిలబడ్డాడు. ఎక్కడున్నా లెక్క వదలడు కదా, "ఇంతకుముందు ఎక్కడుండేవాళ్ళు?" అని అడిగాడు.

"న్యూయార్క్‌లో."

"మొదటి నగరం! అది వదిలి ఇక్కడికా?"

"అక్కడ పిల్లలు వంటింట్లో పడుకునేవాళ్ళు. ఇక్కడ కూలిపోయిన పక్కిల్లు తీసేశాక ఖాళీ జాగా దొరికింది. మా అమ్మ సొరపాదు వేసింది. ఈసారి కాయలు మీక్కూడా తెస్తాను."

మొన్నటి లెక్కల్లో ఈ ఊరు చాలా దశాబ్దాల తర్వాత మొదటిసారి కాస్త పెరిగిందని హేమచంద్రకు తెలుసు. ఆ పెరిగిన జనం చర్చికి ఎదురింట్లోనే ఉన్నారని ఆ పూటే తెలిసింది. ముద్ద చేతిలో పట్టుకుని పంక్తిని ఆ చివర నుంచి ఈ చివరదాకా చూశాడు. నాకూ చాలా హాయిగా అనిపించింది, దాచుకోవడం దేనికి?

మారు వడ్డనకు గురువుగారు ఈ చివర నుంచి మొదలుపెట్టమన్నారు. ప్రభాకరంగారి దగ్గరికి మేం చేరేసరికి ఆయన గట్టిగా నవ్వేశారు. "ఏమండీ, మొదట కూర్చోబెట్టి నాకు చల్లన్నం పెట్టారు! మా ఊళ్ళో అయితే అందరం వరసలో నిలబడి పళ్ళెం నింపుకుని, ఎవరి మూల వాళ్ళు చూసుకుంటాం. ఇంతసేపు ఇంకోడి కోసం ఆగి నేను అన్నం తిని ఎన్నాళ్ళయిందో!" అని, వేడి పులుసు రెండుసార్లు పోయించుకున్నారు.

చేతులు కడుక్కుని, అందరూ కోట్లు వేసుకుంటుండగా ప్రభాకరంగారు గురువుగారి ముందుకొచ్చి నిలబడ్డారు. "మరి మావాళ్ళకి ఏం చెప్పమంటారండీ?"

గురువుగారు ఆయనకు నమస్కారం చేశారు. తర్వాత, ఎంగిలి విస్తళ్ళు తీస్తున్న హేమచంద్ర వైపు తిరిగారు.

"వచ్చే ఏడు ఇంకో నాలుగు ఎక్కువ వెయ్యి."