మంచుగోడ వెనక పూర్ణిక

అనగనగా ఒక రాజుగారు. ఆయన రాజ్యంలో మనుషుల కంటే ఆవులే ఎక్కువ, ఏ ఇంటి ముందు నిలబడినా వెన్న కాచే వాసనే! ఆ రాజుగారికి ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు మణిధరుడు. పక్క రాజ్యపు రాకుమారి పూర్ణిక అంటే వాడికి ప్రాణం. ఆ పిల్లకీ అంతే. లగ్నం కూడా పెట్టేశారు. ఇంతలో ఏమైందనుకున్నారు? శీతలాక్షుడనే మాంత్రికుడు ఊడిపడ్డాడు. వాడి చూపు సోకితే పారే ఏరు కూడా గడ్డకట్టుకుపోవలసిందే. "నన్ను పెళ్ళాడు" అన్నాడు. "ఛీ ఫో!" అంది పూర్ణిక. అంతే, ఆమెను ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల మంచుగోడ వెనక దాచేశాడు.

మణిధరుడికి తిండి సయించదు, కంటిమీద కునుకు రాదు. "ఎలా ఉందో, ఏం తిందో" అని ఒకటే బెంగ. "నువ్వు చిన్నవాడివిరా, మేం తీసుకొస్తాం" అని అన్నలు బయలుదేరారు. ఆ దారంతా మసక చీకటి. పెద్దన్న నేతి దీపం పట్టుకెళ్ళాడు. రెండో సముద్రం దాటేసరికి చలికి నెయ్యి పేరుకుని దీపం కొండెక్కింది. తిరిగొచ్చేశాడు. నడిపన్న కొబ్బరినూనె దీపం పట్టుకెళ్ళాడు. మూడో సముద్రం దాటేసరికి అదీ పేరుకుంది. ఆయనా తిరిగొచ్చేశాడు. గడ్డకట్టడానికి ఒక్కోదానికి ఒక్కో చలి కావాలి మరి! మణిధరుడు ఇద్దరి మాటా విని, ఆముదం దీపం పట్టుకుని పడవెక్కాడు. ఆముదం చిక్కబడిందే గానీ గడ్డకట్టలేదు.

వాడు చేసిన తప్పు వేరే ఉంది. వాళ్ళ రాజ్యంలో నేతికుండను అంచుదాకా నింపి మూత బిగిస్తారు. పేరుకునేటప్పుడు నెయ్యి నడుమ గుంటపడి దిగిపోతుందని. వీడు తాగే నీళ్ళ కుండనూ అలాగే అంచుదాకా నింపి, లక్కతో మూత బిగించాడు. ఆరో సముద్రం దాటాడో లేదో, కుండ ఫటేలున బద్దలైంది! లోపలి నీళ్ళు కుండ ఆకారంలోనే గడ్డకట్టి నిలబడ్డాయి.

"ఇదేం చోద్యం! గడ్డకడితే నెయ్యి తగ్గుతుంది, నీళ్ళేమో ఒళ్ళు చేశాయే!" అనుకున్నాడు.

ఏడో సముద్రం పూర్తిగా గడ్డకట్టి ఉంది. పడవ దిగి నడిచాడు. అవతలి అంచున మంచుగోడ, గోడ వెనక పూర్ణిక! కనిపిస్తోంది గానీ మాట వినిపించదు. పెదవులు కదులుతున్నాయంతే. ఇటు నుంచి వాడు అరచెయ్యి ఆనించాడు. అటు నుంచి ఆమె ఆనించింది. మధ్యలో మూరెడు మందాన మంచు. మణిధరుడు భోరుమన్నాడు. ఆ కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టాయి.

కాళ్ళ దగ్గర మంచులో చిన్న బొరియ ఉంది. అందులోంచి ఒక ముసలి చేప తలెత్తి, "ఏడిస్తే ఏమొస్తుంది నాయనా?" అంది.

"ఇంత చలిలో నువ్వెలా బతికున్నావు అవ్వా?"

"పైపొరే గడ్డ. అది తేలుతూ మాకు దుప్పటిలా ఉంటుంది, కింద నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఇదిగో విను. మాంత్రికుడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. ఆ చిలుక అదిగో, ఆ నల్లరాతి కడుపులో ఉంది. రాతినిండా నెర్రెలే, అయినా ఏ సమ్మెటకీ పగలదు."

మణిధరుడికి తన కుండ గుర్తొచ్చింది. తలపాగా విప్పి బొరియలో ముంచి, నెర్రెల నిండా నీళ్ళు పిండాడు. అవి గడ్డకట్టేలోపే మాంత్రికుడు రానే వచ్చాడు.

"ఎవడ్రా నువ్వు?"

"తమ చూపు మహిమ విని వచ్చాను స్వామీ. కానీ ఏర్లూ సముద్రాలూ ఎవరైనా గడ్డకట్టిస్తారు. ఈ రాతి నెర్రెల్లో దూరిన నీళ్ళు మాత్రం తమ వల్ల కాదటగా!"

"నా వల్ల కాదా? చూడు!" అని ఉడుక్కుంటూ రాతికేసి కళ్ళురిమి చూశాడు. నెర్రెల్లో నీళ్ళు గడ్డకట్టి ఉబ్బాయి. రాయి నిలువునా రెండు ముక్కలైంది. చిలుక గజగజ వణుకుతూ వచ్చి, వెచ్చగా ఉందని మణిధరుడి గుప్పిట్లో దూరింది. అది తన ప్రాణం దాచిన రాయేనని మాంత్రికుడికి అప్పుడు గుర్తొచ్చింది. ఏం లాభం?

"నీ చలంతా నువ్వే వెనక్కి తీసుకో. లేదా దీని మెడ విరిచేస్తాను" అన్నాడు మణిధరుడు.

మాంత్రికుడు గుడ్లు మిటకరించి చలంతా తనలోకి లాక్కున్నాడు. ఆఖరికి తనే గడ్డకట్టి నిలబడిపోయాడు. మంచుగోడ జలజలా కరిగిపోయింది. మణిధరుడు చిలుకను వదిలేసి పరుగెత్తాడు.

"గోడ అవతల ఏదో అంటూనే ఉన్నట్టున్నావు, ఒక్క ముక్కా వినపడలేదు పూర్ణికా!"

"ఏముంది చెప్పడానికి? నీ పేరే పిలిచాను" అంది, వాడి చేతులు పట్టుకుని.

ఇంటికొచ్చాక పెళ్ళి మొదలైంది. పురోహితుడు ఆనవాయితీ ప్రకారం వధూవరుల నడుమ అడ్డుతెర పట్టించాడు. పూర్ణిక ముఖం తెల్లబోయింది. తెర అవతల మణిధరుడికీ మంచుగోడే గుర్తొచ్చింది.

"తీసెయ్యండి పంతులుగారూ!" అన్నాడు.

"ఒక్క ఘడియ ఓర్చుకో నాయనా, శాస్త్రం!"

"మేం ఓర్చుకున్నది చాలదా?" అని పూర్ణిక తనే చెయ్యి చాచి తెర లాగేసింది. రాజుగారు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళిద్దరూ తలలు పండేదాకా ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు. అక్కడి పెళ్ళిళ్ళలో ఆనాటి నుంచీ ఎవరూ అడ్డుతెర పట్టరట.