ఎటూ పోని గుర్రం

అనగనగా, గుర్రాలు మనుషులతో మొహమాటం లేకుండా మాట్లాడే రోజుల్లో, తంగేడుకోన అని ఒక రాజ్యం ఉండేది. దానికి సోమధవళుడు రాజు. మంచివాడు, మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. ఒళ్లు మాత్రం, ఏం చెప్పమంటారు, ఏడాదికేడాది సింహాసనాన్ని వెడల్పు చేయించాల్సి వచ్చేది.

తప్పు పూర్తిగా ఆయనదీ కాదు. ఆ కోటలో ఒక ఆచారం ఉండేది. రాజుకు కష్టమనిపించిన పని ఏదైనా సరే, ఆయన బదులు ఇంకొకరు చేసేవారు. అందుకోసమే ఒక మనిషిని పెట్టారు. అతని అసలు పేరు గవరయ్య. అందరూ బదులయ్య అనేవారు.

రాజుగారి బదులు బదులయ్య గుడి మెట్లెక్కేవాడు. రాజుగారి బదులు మాఘమాసంలో చన్నీళ్లు పోసుకునేవాడు. ఏకాదశినాడు బదులయ్య కడుపు మాడ్చుకుంటే, ఆ పుణ్యం తనదేనని రాజుగారు నిశ్చింతగా గారెలు తినేవారు.

నవ్వకండి పిల్లలూ. ఇచ్చిన లెక్కలు అక్కచేత చేయించుకునేవాళ్లు మీలో ఎవరెవరో నాకు తెలుసు.

అయితే ఒక్క పనికి మాత్రం బదులు చెల్లేది కాదు. అది ఏరువాక. తొలకరి పడ్డాక, జ్యేష్ఠ పౌర్ణమినాడు, రాజు స్వయంగా నాగలి మేడి పట్టాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, మధ్యలో ఆగకుండా ఒక చాలు దున్నాలి. దాన్ని రాజుచాలు అనేవారు. అది పూర్తయ్యాకే రైతులు తమ నాగళ్లు కట్టేవారు; తెగితే ఆ రోజు పండగ లేనట్టే, మర్నాడు ఉత్తినే దున్నుకునేవారు. వరసగా రెండేళ్లు ఏ రాజు చాలయినా మధ్యలో తెగిపోతే, ఆ రాజు కిరీటం దించి పక్కన పెట్టాల్సిందే. తాతల నాటి కట్టుబాటు అది.

ఆ ఏడు ఏరువాక రోజున సోమధవళుడు మేడి పట్టాడు. పొలం సగం దాటకముందే ఊపిరి అందలేదు. కళ్లు బైర్లు కమ్మాయి. అక్కడే, ఆ బురదలోనే, చతికిలబడ్డాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రైతులు తలలు వంచుకుని నెమ్మదిగా ఇళ్లకు పోయారు. ఆ వంచిన తలలు రాజుగారి గుండెలో ముల్లులా దిగిపోయాయి.

ఆ సాయంత్రం ఆయన ఒంటరిగా గుర్రపుశాలకు వెళ్లాడు. అక్కడ కస్తూరి అనే నల్లని ఆడగుర్రం ఉండేది. రాజును చిన్ననాటి నుంచి మోసింది అదే.

"కస్తూరీ, వచ్చే ఏడు కూడా చాలు తెగితే నేనిక రాజును కాను. రేపటి నుంచి రోజూ నీ మీద సవారీ చేస్తాను. ఒళ్లు తగ్గించి తీరతాను" అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ.

కస్తూరి గడ్డి నమలడం ఆపింది.

"ప్రభూ, తమరు నన్ను ఎక్కడం నిన్నా మొన్నా మొదలుపెట్టారా? ఇన్నేళ్లలో ఎవరి ఒళ్లు తగ్గింది? నా డొక్కలు చూడండి. సవారీ తమది, చెమట నాది. ఈ పద్ధతిలో తగ్గేది నేనే."

"పోనీ నడుస్తాను."

"తమరు కోట గడప దాటితే పల్లకీ మోసేవాళ్లు పరిగెత్తుకొస్తారు. వద్దంటే వాళ్లకు భయం, సరేనంటే తమకు సుఖం. బయట కుదరదు ప్రభూ. లోపలే జరగాలి. తమరిని మోసే గుర్రం కాదు, తమచేత కాళ్లు ఆడించే గుర్రం కావాలి."

రాజుకు ఆ మాట నచ్చింది. వెంటనే వడ్రంగి వీరాచారిని పిలిపించాడు. గుర్రం చెప్పింది, వీరాచారి చెక్కాడు. పైన జీను వేసిన కొయ్య ఒళ్లు. కింద కాళ్లతో తొక్కడానికి రెండు చెక్కలు. ముందు ఒక బరువైన చక్రం. చెక్కలు తొక్కితే చక్రం తిరుగుతుంది. పక్కనున్న మర బిగిస్తే కొండెక్కుతున్నట్టు బరువవుతుంది. ఎంత తొక్కినా గుర్రం మాత్రం ఒక్క అడుగు ముందుకు కదలదు.

దాన్ని పాత నాట్యశాలలో నిలబెట్టారు. కోటంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. ఎటూ పోని గుర్రం అని పేరు కూడా పెట్టేశారు.

మర్నాడు రాజు దాని చుట్టూ తిరిగాడు. ఎక్కబోయాడు. అలవాటు ఊరుకుంటుందా?

"బదులయ్యా! ఇది చాలా కష్టంగా ఉండేలా ఉంది. నా బదులు నువ్వు తొక్కు" అన్నాడు.

"చిత్తం" అని బదులయ్య ఎక్కాడు. రోజూ పొద్దున్నే తొక్కాడు. పిక్కలు గట్టిపడ్డాయి. పొట్ట లోపలికి పోయింది. గుడి మెట్లు పరుగున ఎక్కి పరుగున దిగుతున్నాడు. దసరా వచ్చేసరికి అతని పంచె నడుము మీద నిలవడం మానేసింది.

రాజుగారి నడుముకు మాత్రం పాత దట్టీ చాలక కొత్తది నేయించారు.

"తొక్కినవాడికి తగ్గింది" అంది కస్తూరి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు.

రాజు సిగ్గుపడ్డాడు. ఈసారి తనే జీను మీద కూర్చున్నాడు. కాని తొక్కబోతే తొడలు భగ్గుమన్నాయి. అప్పుడాయనకు ఒక గొప్ప ఉపాయం తట్టింది, పాపం. ఇద్దరు మల్లయోధులను పిలిపించాడు. వాళ్లు చేతులతో చక్రం తిప్పుతుంటే చెక్కలు వాటంతటవే తిరిగేవి. చెక్కలతోపాటు రాజుగారి పాదాలూ తిరిగేవి. ఆయన పైన హాయిగా కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని, జంతికలు నమిలేవాడు.

"చూడు కస్తూరీ, కాళ్లు ఆడుతున్నాయా లేదా?"

"ఆడుతున్నాయి ప్రభూ. దవడలు కూడా ఆడుతున్నాయి. చెమట మాత్రం వస్తాదులకు పడుతోంది."

ధనుర్మాసం గడిచిపోయింది. మల్లయోధుల భుజాలు మరింత పెరిగాయి. రాజుగారు ఒకరోజు మేడ మెట్లు నాలుగు ఎక్కి, అయిదో మెట్టు మీద కూర్చుండిపోయారు. ఏరువాక దగ్గర పడుతోందని అప్పుడు గుర్తొచ్చింది.

దాంతో ఆయనకు పౌరుషం వచ్చింది. అందరినీ బయటికి పంపి తలుపులు మూయించాడు. మర బిగించాడు. పోగొట్టుకున్న నెలలన్నీ ఒక్క పూటలో సంపాదించాలని పళ్ల బిగువున తొక్కాడు. గుక్క తిప్పుకోలేదు, నీళ్లు తాగలేదు. మధ్యాహ్నానికి ధబ్బున చప్పుడైంది. తలుపులు తీసి చూస్తే రాజు నేల మీద ఉన్నాడు.

కాళ్లు వాచాయి. మంచం దిగలేకపోయాడు. మూలుగుతూ, "ఆ కొయ్యను పగలగొట్టి పొయ్యిలో పెట్టండి. నాకు రాసిపెట్టి లేదు. కిరీటం ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చేయండి" అన్నాడు.

రాణి రత్నాంబిక ఆ మాట విని ఏడవలేదు. గుర్రపుశాలకు నడిచి వెళ్లి, కస్తూరి కళ్లెం తనే పట్టుకుని అంతఃపురంలోకి తీసుకొచ్చింది. పాలరాతి నేల మీద డెక్కల చప్పుడు విని దాసీలు నోళ్లు వెళ్లబెట్టారు.

కస్తూరి రాజు మంచం పక్కన నిలబడింది. ఈసారి దాని గొంతులో వెటకారం లేదు.

"ప్రభూ, నేను పిల్లగా ఉన్నప్పుడు మొదటి రోజే నా మీద జీను వేశారా? ముందు ఒట్టి కంబళి వేశారు. తర్వాత కొంచెం దూరం నడిపించారు. పరుగు ఎప్పటికో వచ్చింది. ఇంకో మాట. ఒంటరిగా కట్టేసిన గుర్రం పరిగెత్తదు. పక్కన ఇంకో గుర్రం పరిగెడుతుంటే దానికీ కాళ్లు లేస్తాయి."

రాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"నాకు సిగ్గుగా ఉంది కస్తూరీ. నా ఆయాసం అందరూ చూస్తారు" అన్నాడు.

"అందరి ఆయాసం మీరూ చూస్తారుగా" అంది రాణి. "నేనూ మేడ మెట్లెక్కితే రొప్పుతున్నాను. మీరొక్కరే అనుకుంటున్నారా? నాకూ ఒక గుర్రం చేయించండి."

వాపు తగ్గాక నాట్యశాల తలుపులు మళ్లీ తెరిచారు. వీరాచారి మరికొన్ని కొయ్యగుర్రాలు చేశాడు. రాణి ఒకటి ఎక్కింది. సభలో కూర్చుని కూర్చుని నడుం పట్టేసిన మంత్రి త్రివిక్రముడు ఒకటి ఎక్కాడు. రుచి చూసి చూసి గుండ్రంగా తయారైన వంటల సూరమ్మ ఒకటి ఎక్కింది. బదులయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నేను ఎవరి బదులు తొక్కాలి ప్రభూ?"

రాజు పక్కనున్న ఖాళీ గుర్రాన్ని చూపించాడు. "నీ బదులే తొక్కు" అన్నాడు. బదులయ్య నవ్వేసి, తన కోసం తాను మొదటిసారి జీనెక్కాడు.

ముందు కస్తూరి నిలబడింది. మూలన డోలువాడు దరువు వేస్తుంటే, అది దారి చెప్పసాగింది.

"చక్రం తేలిగ్గా ఉంచండి. ఇది కోట గుమ్మం. మెల్లగా దాటండి. ఇప్పుడు చెరుకు తోటల బాట. గాలి చల్లగా ఉంది, హాయిగా తొక్కండి. అదిగో, తంగేడు కొండ వచ్చింది! మర కొంచెం బిగించండి. జీను మీద నుంచి లేచి తొక్కండి! మంత్రిగారూ, కళ్లు మూసుకుంటే కొండ కరిగిపోదు!"

డోలు జోరు పెరిగితే కాళ్ల జోరు పెరిగేది. కొండ దిగేటప్పుడు డోలు నెమ్మదించేది. సూరమ్మ పెద్దగా నిట్టూర్చేది. మంత్రి తలపాగా జారి కళ్ల మీద పడేది. అది చూసి రాజుకు నవ్వొచ్చేది, ఆ నవ్వులో సగం కొండ తెలియకుండా దాటేసేవాడు. మొదటి రోజు కొద్దిసేపే. మర్నాడు ఇంకాస్త. ఒంట్లో బాగాలేని రోజు చక్రం తేలిగ్గా వదిలేసేవాడు, రావడం మాత్రం మానలేదు.

రాజుకు ఒక తొందర ఉండేది. తొక్కడం అయిపోగానే తక్కెడ ఎక్కేవాడు. తక్కెడ ఆయన మాట వినేది కాదు.

"ఇంత చేసినా అంతే ఉన్నాను!" అని ఒకరోజు విసుక్కున్నాడు.

"మొదట్లో తొక్కుతూ తమకు ఒక్క మాట పెగిలేది కాదు. ఇవాళ కొండెక్కుతూ నాతో పోట్లాడారు. నేను చూసుకునే తూకం అది. తక్కెడకు కాస్త వ్యవధి ఇవ్వండి" అంది కస్తూరి.

నిజంగానే వ్యవధి ఇస్తే అదీ దారికొచ్చింది. రాజుకు నిద్ర బాగా పట్టేది. ఆకలి వేళకు వేసేది, వేళకు తీరేది. జంతికల పళ్లెం ఖాళీగా వంటింటికి రావడం ఎప్పుడు మానేసిందో, ఎవరూ ముట్టుకోకుండానే తిరిగి రావడం ఎప్పుడు మొదలుపెట్టిందో, సూరమ్మ కూడా గమనించలేదు. సింహాసనంలో ఆయన పక్కన ఒక దిండు పట్టేంత చోటు వచ్చింది. సన్నటి మనిషేం కాలేదు సుమా. బలమైన మనిషి అయ్యాడు.

తొలకరి పడింది. జ్యేష్ఠ పౌర్ణమి వచ్చింది.

ఊళ్లన్నీ పొలం గట్ల మీదే ఉన్నాయి. సోమధవళుడు చెప్పులు విడిచాడు. ఎడ్లకు దండం పెట్టి మేడి పట్టాడు. కర్రు దిగింది, తడిమట్టి విచ్చుకుంది. రాజు నడిచాడు. తంగేడు కొండ గుర్తు తెచ్చుకుంటూ ఊపిరి నింపాదిగా తీసుకున్నాడు.

సగం పొలం వచ్చింది. నిరుడు చతికిలబడిన చోటు. అక్కడికి రాగానే కాళ్లు వణికాయి. అవి అలిసిపోయి వణకలేదు, ఆ చోటును చూసి వణికాయి. మేడి మీద పట్టు సడలింది. గట్ల మీది జనం ముందుకు వంగారు.

అప్పుడు గట్టు మీద నుంచి ఒక చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. కస్తూరి డెక్కతో రాతి మీద నాట్యశాల డోలు దరువే వేస్తోంది. దానితోపాటు రాణి చప్పట్లు కలిపింది. సూరమ్మ కలిపింది. మంత్రి, బదులయ్య కలిపారు. ఒకరిని చూసి ఒకరు, గట్ల మీది జనమంతా కలిపారు. ఆ చప్పుడు రాజు కాళ్లకు బాగా తెలుసు. పొద్దున్నే లేచి రోజూ దానితోనే కొండెక్కిన కాళ్లవి.

రాజు అడుగు వేశాడు. మరో అడుగు వేశాడు. నెమ్మదించిన ఎడ్లు మళ్లీ జోరందుకున్నాయి. చాలు తెగలేదు. ఆ గట్టు దాకా తిన్నగా పోయింది.

జనం కేకలు పెట్టారు. రైతులు అప్పుడే పరుగున పోయి తమ ఎడ్లను కాడికి కట్టసాగారు. నిరుడు తల వంచుకుని పోయిన ఒక ముసలి రైతు దగ్గరకు వచ్చి, రాజు మొహంలోకి తలెత్తి చూశాడు. రాజు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆయన గట్టు మీద కూలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నాడు. చెమట ధారలు కడుతోంది. అది చూసి బదులయ్యకు ప్రాణం ఉసూరుమంది. ఎన్నేళ్ల అలవాటో కదా. పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు.

"ప్రభూ, తమరు విశ్రాంతి తీసుకోండి. కాస్త తమ బదులు నేను ఆయాసపడనా?"

రాజు తలెత్తాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య నవ్వుతూ, "వద్దు బదులయ్యా. దీన్ని ఎవరికీ ఇవ్వను. ఎంతో కష్టపడి సంపాదించుకున్నాను" అన్నాడు.

తిరిగి వెళ్లేటప్పుడు పల్లకీ ఖాళీగా వెళ్లింది. రాజు నడిచాడు, కస్తూరి ఆయన పక్కన నడిచింది. ఆ రోజు నుంచి కోటలో అందరూ బదులయ్యను గవరయ్య అనే పిలిచారు.

ఒకరు తొక్కితే ఇంకొకరి ఒంటికి బలం రాదు పిల్లలూ: ఆరోగ్యం కావాలంటే ఎవరి చెమట వారే చిందించాలి, రోజూ కొంచెం కొంచెంగా, నలుగురితో నవ్వుతూ.