సోమయాజిగారి చిటికెడు విభూతి

గుండ్లవీడు రాజు ప్రోలభూపతికి ఒకరోజు ఉన్నట్టుండి రసశాల మీద మనసు పడింది. "తాను ఖర్చు కాకుండా పక్కదాని చేత పని చేయించే పదార్థాలుంటాయట. వాటి సంగతి తేల్చడానికి కుర్ర పరిశోధకులు కావాలి," అని దండోరా వేయించాడు. ఇప్పటివాళ్ళు వాటినే ఉత్ప్రేరకాలంటారు లెండి.

నలభైమంది రాజసభకు వచ్చారు. రసశాల పెద్ద విశ్వేశ్వర సోమయాజి ముప్పైతొమ్మిదిమందిని ఒకే ఒక్క ప్రశ్నతో ఇంటికి పంపేశాడు.

"నిన్ను ఏ ఆచార్యుడు ఆశీర్వదించాడు?"

రాజ్యం మొత్తానికి ఆచార్యుడు ఆయనొక్కడే. ఆయన ఎవర్నీ ఆశీర్వదించిన పాపాన పోలేదు.

నలభయ్యో మనిషి, రంగులద్దేవాళ్ళ అమ్మాయి అక్కమ, కదల్లేదు. మూడేళ్ళుగా పెరట్లో కుండలూ మూకుళ్ళూ పెట్టుకుని ప్రయోగాలు చేస్తోంది. ఈ కొలువు రాకపోతే అవన్నీ పగలగొట్టేస్తానని తండ్రి చెప్పే పంపాడు.

"పరీక్ష పెట్టండి," అంది.

రాజు వెనక తాంబూలపు పెట్టె పట్టుకుని సేవకుడు బొల్లన నిలబడి ఉన్నాడు. సోమయాజి ఆ పెట్టెలోంచి పటికబెల్లం ముక్క తీశాడు.

"దీన్ని దీపానికి అంటించు. మంట లేవాలి. బయటినుంచి నువ్వేదీ తేకూడదు. నెగ్గి, ఆచార్యుడి ఆశీర్వాదం కూడా ఉంటేనే కొలువు."

అక్కమ ముక్కను పట్టుకారుతో దీపం మీద పెట్టింది. అది కరిగింది, నల్లబడింది, బొట్లు బొట్లుగా కారింది. మంట మాత్రం లేవలేదు. సభ నవ్వింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చిటికెడు బూడిద ఉంటే చాలన్నా," అంది బొల్లనతో, మెల్లగా.

బొల్లన మనసు చివుక్కుమంది. పట్టు తెరలూ వెండి దీపాలూ ఉన్న సభలో బూడిద ఎక్కణ్ణుంచి తెచ్చేది? అంతలో సోమయాజి నుదురు కనబడింది. మూడు విభూతి పట్టెలు. నడుముకు విభూతి సంచి.

"స్వామీ," అన్నాడు చేతులు కట్టుకుని, "పిల్ల బెదిరిపోయింది. ఎలాగూ ఓడిపోయేదే. తమ చేత్తో ఇంత విభూతి పెట్టి ఆశీర్వదిస్తే, ఆచార్యులవారిది ఎంత పెద్ద మనసో అని నలుగురూ చెప్పుకుంటారు."

సోమయాజి ఓరగా చూశాడు. రాజు చూస్తున్నాడు. ఇంకేముంది! సంచి విప్పి, అక్కమ నుదుట ఇంత పెట్టి, అరచేతిలో ఇంత పోసి, "విజయోస్తు!" అన్నాడు గోడలు అదిరేలా.

అక్కమ ఇంకో ముక్క తీసుకుని, అరచేతిలో విభూతిలో దొర్లించి, దీపానికి పెట్టింది. నీలంగా మంట లేచింది.

"మోసం! బయటి వస్తువు!" అని అరిచాడు సోమయాజి.

"తమ నడుముకున్నదే కదా స్వామీ," అన్నాడు బొల్లన.

"కాలింది బూడిద! పటికబెల్లం కాదు!"

అక్కమ పళ్ళెంలో రాలిన విభూతిని చూపించింది. "అలాగే ఉంది స్వామీ. ఒకసారి కాలి బూడిదయ్యాక మళ్ళీ ఏం కాలుతుంది?"

రాజు ముందుకు వంగాడు. "అంటే, తాను ఖర్చు కాకుండా..."

"పక్కదాని చేత పని చేయించింది మహారాజా."

సోమయాజి రాజు వైపు తిరిగాడు. "అయినా ఆచార్యుడి ఆశీర్వాదం లేనిదే కొలువెలా ఇస్తారు?"

బొల్లన వినయంగా అక్కమ నుదురు చూపించాడు.

"ఇదిగో స్వామీ. ఇదీ ఖర్చు కాలేదు."

రాజు పగలబడి నవ్వాడు. అక్కమకు రసశాల తాళంచెవి ఇప్పించాడు. బొల్లనకు పట్టుశాలువా కప్పి, మిగిలిన పటికబెల్లమంతా ఇచ్చేశాడు. వెళ్ళిపోయిన ముప్పైతొమ్మిదిమందినీ వెనక్కి పిలవమని భటులను పరుగెత్తించాడు. అప్పుడు కళ్ళు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

"సోమయాజిగారూ, సంచిలో విభూతి ఇంకా ఉంది కదా?"